చుక్కాని షాఫ్ట్‌కి తుప్పు: దించి చూడందే తేల్చొద్దు

ఉద్దానం కుర్రాళ్ళు వెల్డింగ్, ఫిట్టింగ్ నేర్చుకుని గోవా, కొచ్చి, గల్ఫ్ యార్డులకు వెళ్ళడం కొత్తేం కాదు. సోంపేట, కవిటి, కంచిలి వైపు చాలా ఇళ్ళలో అలా వెళ్ళినవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో కొందరికి పెద్ద ఓడల పని బదులు తెరచాప యాట్ల (విహార పడవల) పని తగులుతుంది. నేనూ అలాగే యాట్ల చుక్కానుల పనిలో పడ్డాను. ఊరికొచ్చేశాక, వెళ్ళబోయే కుర్రాళ్ళు అడిగితే చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. చుక్కానిని మోస్తూ తిప్పే కడ్డీనే షాఫ్ట్ అంటాం. అది విరిగితే నడిసముద్రంలో పడవ ఎటు పోతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు. అందుకే దీన్ని చిన్న పనిగా చూడొద్దు.

భావనపాడు, కళింగపట్నం తీరంలో ఇనుప లంగరు ఎలా తుప్పు పడుతుందో మనకు తెలుసు. పైనే ఎర్రగా కనిపిస్తుంది, గీకితే పొరలు రాలతాయి, ఎంత పోయిందో కంటికి తెలుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తీరు వేరు. అందులోని క్రోమియం ఆక్సిజన్‌తో కలిసి పైన పల్చటి పొర కడుతుంది. గీత పడినా ఆక్సిజన్ తగిలితే పొర మళ్ళీ కట్టుకుంటుంది. ఆక్సిజన్ అందని సందులో ఉప్పునీరు నిలవుంటే మాత్రం తెగిన పొర ఇక కట్టదు. ఆ నీరు రానురాను ఆమ్లంగా మారి లోహాన్ని లోపలికి తవ్వుకుంటూ పోతుంది. షాఫ్ట్ మీద అలాంటి చోట్లు మూడు: కింది బుష్ (షాఫ్ట్ తిరిగే గొట్టంలాంటి ఆసరా) లోపల, ప్యాకింగ్ గ్లాండ్ (పడవలోకి నీరు రాకుండా షాఫ్ట్ చుట్టూ బిగించే అడ్డు) కింద, షాఫ్ట్ చుక్కాని రెక్కలోకి (నీటిని తోసే పలకలోకి) దిగే చోట. బయట తళతళలాడుతున్న షాఫ్ట్‌కి కూడా ఈ మూడు చోట్లా గుంటలు పడి ఉండొచ్చు.

చాలా యాట్లలో చుక్కాని కింద ఏ ఆసరా లేకుండా వేలాడుతుంది. అలాంటప్పుడు అలల తాకిడికి వచ్చే వంపు భారం అన్నిటికన్నా ఎక్కువగా కింది బుష్ దగ్గరే పడుతుంది. తుప్పు తినే చోటూ అదే. అందుకే నేను మొదట అక్కడే చూస్తాను.

పడవ గట్టెక్కగానే చుక్కాని కొసను రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ, పక్కలకూ ఊపండి. టక్ టక్ అని కొడితే బుష్ అరిగింది, లేదా షాఫ్ట్ సన్నబడింది. షాఫ్ట్ రెక్కలోకి దిగే చోట గోధుమరంగు చార కనిపించినా, గట్టెక్కి కొన్ని రోజులైనా అక్కడ చెమ్మ ఆరకపోయినా లోపల నీరుందనే లెక్క. ఇవేవీ లేకపోయినా, షాఫ్ట్ చరిత్ర తెలియని పాత పడవైతే దించి చూడాల్సిందే. మన పడమటి తీరంలో వానాకాలం యాట్లను ఎలాగూ గట్టెక్కిస్తారు. ఈ పనికి అదే అదును.

దించడానికి షాఫ్ట్ పొడవంతా కిందికి జారేంత ఎత్తు కావాలి. లేకపోతే చుక్కాని కింద గొయ్యి తవ్వండి. స్టీరింగ్ క్వాడ్రంట్ (షాఫ్ట్‌ని తిప్పే చక్రం ముక్క), కీ (రెండూ కలిసి తిరగడానికి మధ్యన పెట్టే ముక్క), కాలర్ (షాఫ్ట్ కిందికి జారకుండా పట్టే రింగు) ఏది ఎలా ఉందో విప్పకముందే ఫోన్లో ఫోటోలు తీసి, మార్కర్‌తో గుర్తులు పెట్టండి. కాలర్ వదులు చేసేలోపే చుక్కాని కింద జాకీ, దిమ్మలు, చుట్టూ తాడు ఉండాలి. నీరు తాగిన చుక్కాని అనుకున్నదానికన్నా చాలా బరువుంటుంది, కాళ్ళ మీద పడితే ఎముకలు విరుగుతాయి. బిగుసుకుపోయిందని గ్యాస్ మంట పెట్టకండి, పడవ ఫైబర్‌గ్లాస్ కాలిపోతుంది. పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయండి.

బయటికి తీశాక షాఫ్ట్‌ని గుడ్డతో తుడిచి, వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి చూడండి. బుష్ కూర్చున్న చోట మసకబారిన పట్టీ ఒకటి కనిపిస్తుంది. దానిలో నల్లటి చుక్కలుంటే సన్నటి సూదితో గుచ్చి చూడండి. పైన గుండుసూది తలంత కనిపించే చుక్కలో సూది లోపలికి దిగిపోయిందంటే, లోపల గుంట ఇంకా వెడల్పుగా ఉండే అవకాశం ఎక్కువ. తర్వాత డీపీ టెస్ట్, అంటే కంటికి కనపడని పగుళ్ళను రంగుతో బయటపెట్టే డై పెనెట్రెంట్ పరీక్ష. శుభ్రంగా తుడిచి ఎర్ర డై కొట్టి, ఓ 10 నిమిషాలాగి, క్లీనర్‌ని గుడ్డకే పట్టించి తుడవండి. క్లీనర్‌ని నేరుగా షాఫ్ట్ మీద కొడితే పగులులోని డై కూడా కొట్టుకుపోతుంది. తెల్ల డెవలపర్ ఆరేకొద్దీ ఎర్ర గీత తేలితే అది పగులే. ఆ షాఫ్ట్ ఇక తుక్కుకే.

పగులు లేకపోతే వెర్నియర్‌తో కొలవండి. షాఫ్ట్ బలం వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. 40 మిల్లీమీటర్ల షాఫ్ట్ చుట్టూ అరిగి 36 అయితే పోయింది 4 మిల్లీమీటర్లే, కానీ మిగిలిన బలం 73 శాతమే. గుంటలుంటే ఇంకా ప్రమాదం, పగులు అక్కడే మొదలవుతుంది. గుంటల్ని వెల్డింగ్‌తో నింపి, లేత్ మీద తిప్పి, పాలిష్ కొట్టి ఇచ్చేవాళ్ళున్నారు. భారం పడే చోట ఈ పని నేను ఒప్పుకోను. వేడికి షాఫ్ట్ వంగుతుంది, వెల్డ్ పక్క లోహం తుప్పుకి లోకువైపోతుంది. కొత్తది చేయించడమే దారి.

రెక్క లోపల సంగతి కూడా తేల్చుకోవాలి. లోపల ఫోమ్, అందులో షాఫ్ట్‌కి వెల్డ్ చేసిన పట్టీలు ఉంటాయి. కింది మూలన చిన్న డ్రిల్ వేయండి. కారే నీరు గోధుమరంగులో ఉంటే పట్టీలను తుప్పు తింటోందని అనుమానించి, ఒక పక్క ఫైబర్ కోసి తెరిచి చూడండి.

కొత్త కడ్డీ కొనేటప్పుడు మనవాళ్ళు జేబులోంచి అయస్కాంతం తీస్తారు. "అంటుకోలేదు కదా, ఇంకేటి చూడ్డం?" అంటారు. నిజానికి స్టెయిన్‌లెస్ రకాల్లో చవకరకం 202కీ మామూలుగా అంటుకోదు, 304కీ అంటుకోదు, 316కీ అంటుకోదు. సముద్రపు నీటిని వీటన్నిటికన్నా బాగా తట్టుకునే డూప్లెక్స్ 2205కి మాత్రం అంటుకుంటుంది! కాబట్టి అయస్కాంతాన్ని నమ్మకండి, కడ్డీలో ఏ లోహం ఎంత ఉందో రాసుండే మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ అడగండి. 316లో మాలిబ్డినం 2 నుంచి 3 శాతం ఉంటుంది, 304లో వేయరు. పట్టీలు వెల్డ్ చేయాలి గనక కార్బన్ తక్కువుండే 316ఎల్ తీసుకోండి, వెల్డింగ్ రాడ్ కూడా 316ఎల్‌దే వాడండి. స్థోమత ఉంటే 2205 ఇంకా మంచిది. దానికి రాడ్ వేరే, 2209. ఇనుము రుద్దిన గ్రైండింగ్ వీల్, వైర్ బ్రష్ ఈ స్టీలుకి తగలనివ్వకండి. ఆ ఇనుప రజను అతుక్కుని తుప్పు మరకలు మొదలవుతాయి.

బిగించేటప్పుడు గ్రాఫైట్ ప్యాకింగ్ వద్దు, స్టెయిన్‌లెస్‌ని తినేస్తుంది, టెఫ్లాన్‌ది వాడండి. బుష్‌కి నైలాన్ వద్దు, నీటికి ఉబ్బి షాఫ్ట్‌ని పట్టేస్తుంది. డెల్రిన్ అనే ప్లాస్టిక్ అయితే ఆ బాధ ఉండదు. షాఫ్ట్ అల్యూమినియందైతే తుప్పు తెల్లపొడిగా వస్తుంది. స్టీలు బోల్టులు నేరుగా తగలకుండా ఇన్సులేటింగ్ పేస్టు పూయండి, రాగి కలిసిన పెయింట్ దగ్గరికి రానివ్వకండి. షాఫ్ట్‌కి బదులు తాను కరిగిపోయేలా బిగించే జింక్ ముక్క, షాఫ్ట్‌తో నిజంగా కలిసి ఉందో లేదో మల్టీమీటర్‌తో చూడండి. దాని మీద పెయింట్ వేయొద్దు, సగం కరిగాక మార్చేయండి. జింక్ ఉంది కదాని బుష్ లోపలి సందుని మర్చిపోవద్దు, దాని రక్షణ అంత లోపలికి సరిగా అందదు.

పడవని నీళ్ళలోకి దించాక గ్లాండ్ కారుతోందేమో చూసి, చుక్కాని రెండు వైపులా చివరిదాకా తిప్పండి. పడవ వాడకుండా కట్టేసి ఉంచేవాళ్ళకైతే, వారానికోసారి అలా నాలుగైదుసార్లు తిప్పుతూ ఉండమని చెప్పండి. బుష్‌లో నిలవ నీరు కదిలి కొత్త నీరు వస్తుంది.