ఎర్ర నాచుకు పట్టిన పచ్చ జుట్టు

అంతర్వేది దగ్గర పాయలో తాళ్లకు కట్టి గ్రాసిలేరియా పెంచుతున్నాను. జెల్లీలా గడ్డకట్టించే అగర్ అనే పదార్థం తీసే ఎర్ర నాచు ఇది. శివరాత్రి దాటి ఎండలు ముదిరేసరికి కొమ్మలకు పచ్చటి జుట్టులాంటిది పట్టింది. తెగులేమోనని చాలా టెన్షన్ పడ్డాను. భూతద్దంతో చూస్తే అది వేరే నాచు. సన్నటి గొట్టాల్లా ఉన్నది అల్వా, కణుపుల దారంలా ఉన్నది కీటోమార్ఫా. ఇవి రసం పీల్చవు. ఎర్ర నాచును ఆసరాగా పట్టుకుని దాని వెలుతురును, నీటిలోని నత్రజనిని లాగేసుకుంటాయి.

చేత్తో పీకేశాను, వారానికే మళ్లీ వచ్చింది. తాళ్లు మరీ పైపైనే ఉన్నాయి, పైగా నత్రజని ఎక్కువగా ఉండే రొయ్యల చెరువు నీళ్లు అటే వచ్చి కలుస్తున్నాయి. దాంతో తాళ్లను మూరెడు కిందికి దించాను. ఎర్ర నాచులోని ఫైకోఎరిత్రిన్ అనే రంగు పదార్థం మసక వెలుతురునూ వాడుకుంటుంది. తర్వాత వరసలను చెరువు నీటికి దూరంగా, పోటు జోరుగా పారే చోటికి మార్చాను. గ్రాసిలేరియా నత్రజనిని కొంతకాలం దాచుకోగలదు, పచ్చ నాచుకు ఆ నిల్వ తక్కువ.

రోజూ తాళ్లు దులిపాను. బాగా పట్టేసిన మొక్కలను ఒడ్డుకు తెచ్చి ఎండేశాను. వాటిని పాయలోనే పారేయకండి, తెగిన ముక్కలే మళ్లీ పెరుగుతాయి. మూడు వారాలకు కొత్త కొసలు శుభ్రంగా వచ్చాయి.