స్టెరాయిడ్ కోర్సు మొదలుపెట్టే ముందు

అక్యూట్ ఇసినోఫిలిక్ న్యుమోనియా అంటే ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలు ఊపిరితిత్తుల్లో పేరుకుని, హఠాత్తుగా ఆయాసం తెచ్చే జబ్బు. దీనికి స్టెరాయిడ్ పడితే చాలామందికి ఒకటి రెండు రోజుల్లోనే ఆయాసం తగ్గుతుంది. అయినా ముందు ఇవి చూసుకోండి.

- షుగర్ పరీక్ష. ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్ మాత్ర) ఉదయం వేసుకుంటే మధ్యాహ్నం నుంచి షుగర్ ఎక్కుతుంది. పరగడుపు రీడింగ్ చూసి ధీమా పడొద్దు.
- పాత టీబీ, హెపటైటిస్ బి ఉంటే దాచకండి.
- పొలంలో వట్టి కాళ్లతో తిరుగుతారా? చర్మంలోంచి చొరబడే స్ట్రాంజిలాయిడిస్ నులిపురుగు కూడా ఇసినోఫిల్స్‌ను పెంచుతుంది. అది ఒంట్లో ఉండగా స్టెరాయిడ్ పడితే శరీరమంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది. పరీక్ష అవసరమా అని డాక్టర్‌ను తప్పక అడగండి, వాళ్లే అడుగుతారని కూర్చోవద్దు.
- ఈమధ్యే సిగరెట్ మొదలుపెట్టారా? జబ్బుకు అదే కారణం కావచ్చు. మానేయండి.
- మాత్ర టిఫిన్ తిన్నాకే.
- తగ్గింది కదా అని సొంతంగా ఆపొద్దు. వారాల తరబడి వాడితే డోసు మెల్లగా తగ్గించాలి.