బ్లూటూత్ లో ఎనర్జీ బోర్డుకు మొదటిసారి కరెంటు ఇచ్చే ముందు

బ్లూటూత్ లో ఎనర్జీ (తక్కువ విద్యుత్తుతో నడిచే బ్లూటూత్ రకం, ఇక్కడ ‘లో’ అంటే ఇంగ్లీషులో తక్కువ) చిప్పున్న డెవలప్‌మెంట్ బోర్డు, అంటే ప్రోగ్రాములు రాసి పరీక్షించుకునే చిన్న సర్క్యూట్ బోర్డు, చేతికి రాగానే యూఎస్‌బీ కేబుల్ తగిలించి ఎల్ఈడీ వెలిగించి చూడాలన్న తొందర ఎవరికైనా ఉంటుంది. మనిషికి షాక్ కొట్టేంత వోల్టేజీ ఈ బోర్డులో ఎక్కడా ఉండదు కాబట్టి, ఒక్క బటన్ సెల్ విషయంలో తప్ప, తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ బోర్డు కోసమే. అయితే ఈ బోర్డుకు జరిగే నష్టం చాలాసార్లు పొగ రూపంలో కనిపించదు. ఒక పిన్ను మూగబోతుంది, రేడియో దూరం తగ్గిపోతుంది, లేదా ఏడాది రావలసిన బ్యాటరీ వారంలో అయిపోతుంది. కారణం మొదటి గంటలో మనం చేసిన పనే అయినా, అది తెలిసేసరికి నెల గడిచిపోతుంది.

మొదట బోర్డు మీదున్న చిప్పు పేరు చదివి, దాని డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే సాంకేతిక వివరాల పత్రం) సరఫరా వోల్టేజీ పరిమితులు చూడాలి. ఉదాహరణకు నార్డిక్ ఎన్‌ఆర్‌ఎఫ్52832 చిప్పు 1.7 నుంచి 3.6 వోల్టుల మధ్య పనిచేస్తుంది. యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులను బోర్డు మీది రెగ్యులేటర్ తగ్గించి చిప్పుకు ఇస్తుంది గానీ, ఆ రక్షణ సరఫరా దారికే పరిమితం, ఇన్‌పుట్, అవుట్‌పుట్ పిన్నులకు వర్తించదు. అందుకే 5 వోల్టులతో నడిచే సెన్సరును నేరుగా పిన్నుకు కలపకూడదు. సెన్సరు 3.3 వోల్టులతో నడిచేదైనా, దాని ఐ2సీ తీగలకు (సెన్సరు, చిప్పు మాట్లాడుకునే రెండు తీగలు) పెట్టిన పుల్అప్ రెసిస్టర్లు, అంటే తీగను పై వోల్టేజీ దగ్గర నిలిపే రెసిస్టర్లు, 5 వోల్టులకు కలిసి ఉంటే పిన్నుకు చేరేది 5 వోల్టులే కనుక, లెవెల్ షిఫ్టర్ (సంకేతాల వోల్టేజీని మార్చే చిన్న సర్క్యూట్) పెట్టడమో, ఆ రెసిస్టర్లను 3.3 వోల్టులకు మార్చడమో చేయాలి. ఇంకో సంగతి చాలామంది గమనించరు: బోర్డుకు కరెంటు తీసేసి, దానికి కలిపిన సెన్సరుకు మాత్రం కరెంటు ఉంచితే, సెన్సరు తీగ గుండా విద్యుత్తు చిప్పులోకి దొంగదారిన చేరుతుంది. రెండింటికీ సరఫరా ఒకే చోటి నుంచి వచ్చేలా చూసుకోవడం మేలు.

లిథియం పాలిమర్ బ్యాటరీ కలిపేటప్పుడు కనెక్టర్ ఆకారాన్ని నమ్మకూడదు. అవి చూడటానికి ఒకేలా ఉన్నా, ఎరుపు, నలుపు తీగలు ఏ వైపు ఉండాలన్న విషయంలో తయారీదారులందరూ ఒకే పద్ధతి పాటించరు. అందువల్ల తగిలించే ముందు మల్టీమీటరుతో ప్లస్, మైనస్ కొలిచి, బోర్డు మీద ముద్రించిన గుర్తులతో సరిచూడాలి. సీఆర్2032 బటన్ సెల్ రీఛార్జ్ చేయదగినది కాదు. సెల్ ఉండగానే యూఎస్‌బీ తగిలిస్తే విద్యుత్తు దానిలోకి ఎదురెక్కే వీలు కొన్ని బోర్డుల్లో ఉంటుంది కనుక, ఆ దారిని డయోడ్‌తోనో స్విచ్‌తోనో మూశారో లేదో సర్క్యూట్ బొమ్మలో తేల్చుకునే వరకు రెండింటినీ ఒకేసారి వాడకూడదు. పిల్లలు తిరిగే ఇంట్లో బటన్ సెళ్ళను బల్ల మీద వదలడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. మింగిన సెల్ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపలి పొరను తీవ్రంగా కాల్చగలదు. అనుమానం వచ్చినా ఆగి చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

కేబుల్ విషయం చిన్నదే. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్లో డేటా తీగలు ఉండవు, బోర్డు వెలుగుతుంది గానీ కంప్యూటరుకు కనిపించదు. ఆ తేడా తెలియక నేను ఒక సాయంత్రమంతా డ్రైవర్లు తీసి మళ్ళీ ఎక్కిస్తూ కూర్చున్నాను. పొడి వాతావరణంలో బోర్డును తాకే ముందు ఎర్త్ ఉన్న లోహాన్ని ఒకసారి ముట్టుకుంటే ఒంటి మీది స్థిర విద్యుత్తు పోతుంది.

సొంత ప్రోగ్రామ్ ఎక్కించే ముందు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్రోగ్రామ్ పనిచేస్తోందో లేదో ఫోనుతో చూసి ఉంచుకుంటే, తర్వాత ఏదైనా ఆగిపోయినప్పుడు తప్పు బోర్డుదా, మన కోడుదా అన్న సందేహం ఉండదు. రీసెట్ బటన్ రెండుసార్లు నొక్కగానే పెన్‌డ్రైవ్‌లా కనిపించే బోర్డుల్లో యూఎస్‌బీ ద్వారా కోడును ఎక్కించే బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రామ్ ముందే ఉంటుంది. బయటి డీబగ్గర్ (చిప్పులోకి నేరుగా చేరి కోడును ఎక్కించే, పరీక్షించే పరికరం) కలిపి ‘మొత్తం చెరుపు’ అన్న ఆదేశం ఇస్తే అది కూడా పోతుంది, ఆ తర్వాత యూఎస్‌బీ ద్వారా కోడు ఎక్కదు. చదవకుండా తాళం వేసిన చిప్పును ‘రికవర్’ చేసినా అంతే, తాళం తెరుచుకునేది ఫ్లాష్ (కోడు నిలిచే మెమరీ) అంతా చెరిగాకనే. కాబట్టి బూట్‌లోడర్ ఫైలును ముందే దింపి దాచుకున్నాకే ఆ ఆదేశాల జోలికి పోవాలి. సాఫ్ట్‌డివైస్ (నార్డిక్ సిద్ధం చేసి ఇచ్చే బ్లూటూత్ ప్రోగ్రామ్) మీద నడిచే పాత ప్రాజెక్టుల్లో మెమరీలో మన ప్రోగ్రామ్ మొదలయ్యే చిరునామా సాఫ్ట్‌డివైస్ వెర్షన్‌ను బట్టి మారుతుంది. రెండూ పొంతన లేకపోతే కోడు తప్పులేకుండా కంపైల్ అవుతుంది గానీ బోర్డులో నడవదు.

పిన్నులన్నీ ఒకటే అనుకోవడం మరో పొరపాటు. ఎన్‌ఆర్‌ఎఫ్52 శ్రేణిలోని 52832, 52840 చిప్పుల్లో పీ0.09, పీ0.10 పిన్నులు మొదట ఎన్‌ఎఫ్‌సీ (దగ్గరగా తాకించి డేటా పంపే పద్ధతి) యాంటెన్నాకు కేటాయించి ఉంటాయి, సెట్టింగు మార్చకుండా వాటికి బటన్ కలిపితే అది పనిచేయదు. చిన్న, చవక మాడ్యూళ్ళలో సమయం లెక్కపెట్టడానికి వాడే 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్‌ను పెట్టకుండా వదిలేయవచ్చు. కోడులో మాత్రం క్రిస్టల్ ఉందని రాసి ఉంటే ప్రోగ్రామ్ దాని కోసం ఎదురుచూస్తూ మొదట్లోనే ఆగిపోతుంది. అలాగే చిప్పు లోపల వోల్టేజీని తక్కువ నష్టంతో తగ్గించే డీసీ-డీసీ కన్వర్టరుకు కావలసిన ఇండక్టర్ (తీగచుట్ట) బోర్డు మీద లేనప్పుడు ఆ సదుపాయాన్ని కోడులో ఆన్ చేస్తే చిప్పు కుప్పకూలుతుంది. వేరే బోర్డు కోసం రాసిన ఉదాహరణ ప్రోగ్రామును యథాతథంగా ఎక్కించే ముందు ఈ మూడూ చూసుకోవాలి.

యాంటెన్నా ఉన్న అంచు కింద గానీ పక్కన గానీ లోహం, బ్యాటరీ, తీగల చుట్ట ఉండకూడదు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను మనిషి శరీరం కూడా బాగా పీల్చుకుంటుంది కనుక, బోర్డును గుప్పిట్లో పట్టుకుని దూరం పరీక్షించడం వల్ల ఉపయోగం లేదు.

ఈ బోర్డును కొన్నదే తక్కువ విద్యుత్తు కోసం కాబట్టి కరెంటు కొలవడం దగ్గర కాస్త ఓపిక కావాలి. సీఆర్2032 సామర్థ్యం సుమారు 220 మిల్లీఆంపియర్ గంటలు. సగటు వాడకం 10 మైక్రోఆంపియర్లు ఉంటే లెక్క ప్రకారం అది రెండేళ్ళకు పైగా రావాలి. అదే సగటు 1 మిల్లీఆంపియర్ అయితే తొమ్మిది రోజులు. ఈ తేడాకు కారణం చాలాసార్లు రేడియో కాదు. ఎప్పుడూ వెలుగుతూ ఉండే పవర్ ఎల్ఈడీ ఒక్కటే మిల్లీఆంపియర్లు తాగుతుంది. సందేశాలు చూసుకోవడానికి తెరిచి మరచిపోయిన సీరియల్ పోర్టు వందల మైక్రోఆంపియర్లు తినగలదు. డీబగ్గర్‌తో పని ముగించాక చిప్పు డీబగ్ స్థితిలోనే ఉండిపోతుంది కాబట్టి, సరఫరా పూర్తిగా తీసి మళ్ళీ ఇచ్చాకే కొలవాలి. మామూలు మల్టీమీటరును మైక్రోఆంపియర్ స్థాయిలో పెడితే, రేడియో మేల్కొన్న క్షణాన మీటరు లోపలి రెసిస్టరు మీద వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ కావచ్చు. క్షణాల్లో వచ్చిపోయే ఆ పోట్లను అందుకోవడానికి కరెంటును రికార్డు చేసే పరికరం ఉంటేనే కొలత నమ్మదగినది. అడ్వర్టైజింగ్ విరామాన్ని, అంటే ‘నేనున్నాను’ అని బోర్డు పంపే ప్రకటనల మధ్య వ్యవధిని, కనిష్ఠమైన 20 మిల్లీసెకన్ల దగ్గర ఉంచితే ఫోను బోర్డును వెంటనే పట్టుకుంటుంది, పరీక్షలకు అది హాయి. పరీక్ష అయ్యాక దాన్ని 1 సెకను లేదా ఆపైకి పెంచడం మరిచిపోతే బ్యాటరీ బతకదు.

బోర్డు ఫోనులో కనిపించకపోతే వెంటనే కోడును అనుమానించకూడదు. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 వరకు వెర్షన్లలో లొకేషన్ అనుమతి లేకుండా యాప్ బ్లూటూత్ స్కాన్ చేయలేదు. బోర్డు అందించే సమాచార విభాగాల (సర్వీసుల) జాబితా మార్చి మళ్ళీ ఎక్కించినప్పుడు ఫోను తాను గుర్తుపెట్టుకున్న పాత జాబితానే చూపవచ్చు, పెయిరింగ్ తొలగించి బ్లూటూత్‌ను ఒకసారి ఆపి ఆన్ చేస్తే సరిపోతుంది. సాధారణ అడ్వర్టైజింగ్ ప్యాకెట్‌లో 31 బైట్లకు మించి పట్టవు కనుక, పెద్ద పేరు పెట్టి పక్కనే సర్వీసును గుర్తించే 128 బిట్ల సంఖ్య (యూయూఐడీ) చేర్చితే ఏదో ఒకటి మిగిలిపోతుంది.

చివరిగా భద్రత. ఉదాహరణ ప్రోగ్రాముల్లో చాలావరకు ఎవరు కనెక్ట్ అయినా విలువలు రాయగలిగేలా ఉంటాయి. తెర, కీలు లేని పరికరాల్లో వాడే ‘జస్ట్ వర్క్స్’ పెయిరింగ్ సంభాషణను గుప్తపరుస్తుంది గానీ, మధ్యలో దూరినవాణ్ణి ఆపలేదు. ఎల్ఈడీ వెలిగించే ఆ కోడునే రిలేకు, తలుపు తాళానికి, హీటరుకు కలిపే ఆలోచన ఉంటే, బ్లూటూత్ 4.2లో వచ్చిన ఎల్ఈ సెక్యూర్ కనెక్షన్స్ అనే పటిష్ఠమైన పెయిరింగ్ పద్ధతిని పాస్‌కీతో (ఆరంకెల సంకేతం) కలిపి వాడాలి, రాసే అనుమతిని పెయిర్ అయిన పరికరాలకే ఇవ్వాలి, కనెక్షన్ తెగినప్పుడు హీటరు ఆగిపోయేలా కోడు రాయాలి. అది కుదిరే వరకు ఆ పిన్నుకు ఎల్ఈడీనే ఉంచాలి.