జ్యూరీ లేని కోర్టులో ఒప్పించడం: సెషన్సు విచారణకు సిద్ధమయ్యే జూనియర్లకు

జ్యూరీ (నిందితుడు దోషా కాదా అని తేల్చే సామాన్య పౌరుల బృందం) సభ్యుల మనసు కరిగించే విద్య గురించి అమెరికా వకీళ్లు చెప్పేది విని, ఆ ఊపులోనే నెల్లూరులోనో ఒంగోలులోనో సెషన్సు కోర్టులో గొంతు పెంచే జూనియర్లు ముందుగా ఒక సంగతి గమనించాలి. 1959లో నౌకాదళ అధికారి నానావతి మీద నడిచిన హత్య కేసులో బొంబాయి జ్యూరీ 8–1 తేడాతో నిర్దోషి అని తేల్చితే, సెషన్సు జడ్జి దానికి సమ్మతించక హైకోర్టుకు నివేదించారు. హైకోర్టు విధించిన యావజ్జీవ శిక్షను 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటే లేకుండా పోయింది; 2024లో దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ లేదు. మన శ్రోత ఒక్కరే. పైగా సాక్ష్యం నమోదు చేసిన జడ్జి బదిలీ అయి, ఆ సాక్షి ముఖం కూడా చూడని మరొకరు తీర్పు రాయడం తరచుగా జరిగేదే. కాగితం మీదికి ఎక్కని వాగ్ధాటి ఆయన దాకా చేరదు.

అందువల్ల మొదటి మెలకువ సాక్షి మాట మీద ఉండాలి. సంక్రాంతి వెళ్లిన వారంలో, కందుకూరు వైపు ఒక పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) దగ్గర కొట్లాట జరిగిందనుకుందాం; మనం నిందితుల తరఫు. ఫిర్యాదులో సమయం రాత్రి ఏడున్నర అని ఉంది. సాక్షి మాత్రం బోనెక్కి, "పొద్దుగూకే యాళ బ్యారన్ కాడ ముగ్గురూ కర్రలు పట్టుకోనుండారు" అంటాడు. జడ్జి గారు స్టెనోకు ఇంగ్లీషులో చెప్పేటప్పుడు ఆరు గంటల ప్రాంతాన్ని సూచించే ఆ మాట 'ఇన్ ది ఈవెనింగ్' అయిపోతే, సాక్షి మాటకూ ఫిర్యాదుకూ మధ్య ఉన్న గంటన్నర తేడా ఆ ఒక్క మాటలో మాయమవుతుంది. వెంటనే లేచి, సాక్షి వాడిన తెలుగు మాటను ఉన్నదున్నట్టుగా నమోదు చేయించవలసిందని వినయంగా కోరాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 313వ సెక్షన్ ప్రకారం వాంగ్మూలాన్ని సాక్షికి చదివి వినిపించే సమయంలో కూడా మనం చెవి ఒగ్గి వినాలి. చాలామంది అప్పటికే పక్క కోర్టుకు పరుగెత్తి ఉంటారు.

క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం సాక్షిని మనం ప్రశ్నించేటప్పుడు, జవాబును ప్రశ్నలోనే ఇమిడ్చి అడగడానికి చట్టం అనుమతిస్తుంది కనుక, ఒక్కో ప్రశ్నకు ఒక్కో సంగతి చాలు. "బ్యారన్ ముందు వీధి దీపం లేదు కదా?" "మీరు నిలబడింది చింతచెట్టు కింద కదా?" "చెట్టుకూ బ్యారన్‌కూ నడుమ అరెకరం చేను ఉంది కదా?" ఇక్కడ ఆగిపోవాలి. నోరు ఊరుకోక "మరి మనుషుల్ని ఎట్లా గుర్తుపట్టారు?" అని అడిగితే, "మోటారుసైకిలు లైటు పడింది గదయ్యా" అని అతడు చెప్పే జవాబు మన చేతులతో మనమే రికార్డుకు ఎక్కించినట్టవుతుంది.

ఆ లైటు సంగతి చీఫ్‌లోనే, అంటే సాక్షిని పిలిచిన పక్షం ముందుగా వేసే ప్రశ్నల్లోనే వచ్చి, పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో లేకపోతే దారి వేరు. భారతీయ సాక్ష్య అధినియమం 148వ సెక్షన్ కోరినట్టుగా ఆ వాంగ్మూలాన్ని సాక్షి దృష్టికి తెచ్చి, అప్పుడు ఈ మాట చెప్పలేదని అడగాలి. ఆ తరువాత దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు అదే ప్రశ్న ఆయనకూ వేయాలి. రెండోది మరిచిపోయి, వాదనల రోజున ఆ లోపాన్ని పట్టుకుని ఎంత గట్టిగా మాట్లాడినా నిలవదు.

వయసు మళ్లిన సాక్షిని "ఏందయ్యా, నువ్వు చూసినావా?" అని గదమాయించడం మన వైపు పాత అలవాటు. నాకు అది మోటుగానూ, నష్టంగానూ తోస్తుంది: సాక్షి బిగుసుకుపోతాడు, జడ్జి గారు అతడికి అండగా వస్తారు.

తుది వాదనను క్లుప్తంగా వినిపించి, అది ముగిసేలోపే నాగరిక్ సురక్షా సంహిత 352వ సెక్షన్ కింద రాతపూర్వక వాదనలు దాఖలు చేసి, ప్రతిని ఎదుటి పక్షానికి అందించాలి. అందులో "సాక్షి అబద్ధమాడాడు" అనే వాక్యానికి బదులు, "పి.డబ్ల్యు.3 (ప్రాసిక్యూషన్ మూడో సాక్షి), రెండో పేజీ, ఐదో పంక్తి: పొద్దుగూకే యాళ" అని రాసి, దాని కిందనే ఫిర్యాదులోని ఏడున్నరను ఉంచాలి.