ఎడారి వేడిలో జాలీ తలుపు: బిగింపులో పాటించవలసిన పద్ధతి

ఎడారి ప్రాంతాల్లో గాలిలో తేమ తక్కువ కాబట్టి, పగలంతా కాగిన నేల రాత్రి అయ్యేసరికి ఆ వేడిని త్వరగా వదిలేస్తుంది. మధ్యాహ్నం 45 డిగ్రీల దగ్గర ఉన్న ఉష్ణోగ్రత తెల్లవారుజాముకు 15, 20 డిగ్రీల మేర పడిపోవడం అక్కడ మామూలే. ఆ చల్లగాలిని ఇంట్లోకి రానిచ్చి గోడలను చల్లబరచుకోవాలన్నా, నీటితో పనిచేసే ఎయిర్ కూలర్ లోపలికి నెట్టిన గాలి బయటికి పోవడానికి దారి ఇవ్వాలన్నా తలుపులు తెరిచి ఉంచక తప్పదు. తెరిచి ఉంచితే దోమలు, ఈగలు, తేళ్లు లోపలికి వస్తాయి కాబట్టి జాలీ తలుపు అవసరమవుతుంది.

అయితే ఏ వాతావరణం వల్ల దాని అవసరం ఏర్పడిందో ఆ వాతావరణమే దాన్ని పాడుచేస్తుంది. వేడికి లోహం సాగుతుంది, పిండిలాంటి ధూళి ప్రతి సందులోనూ చేరుతుంది, ఈదురుగాలి తలుపును విసిరికొడుతుంది. లోహం సాగడానికి సందు వదలాలి. పురుగు రాకుండా అదే సందును మూయాలి. ఎక్కడ ఎంత వదలాలో, దాన్ని దేనితో మూయాలో తేల్చుకోవడంలోనే బిగించేవారి పనితనం ఉంటుంది. పని స్వయంగా చేసుకునేవారికీ, పనివారిచేత చేయిస్తూ పక్కన నిలబడి చూసుకునేవారికీ ఉపయోగపడేలా ఆ క్రమాన్ని కింద వివరిస్తున్నాను.

ముందుగా ఫ్రేము సంగతి. మీటరు పొడవున్న అల్యూమినియం ఒక్క డిగ్రీ వేడికి సుమారు 0.023 మిల్లీమీటర్లు సాగుతుంది. వినడానికి ఇది లెక్కలోకి రానంత చిన్నది. కానీ చలికాలపు తెల్లవారుజామున 5 డిగ్రీల దగ్గర ఉండే తలుపు, వేసవి మధ్యాహ్నం నేరుగా ఎండ పడినప్పుడు 65 డిగ్రీలకు చేరితే, 2.1 మీటర్ల ఎత్తులో దాదాపు 3 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. 90 సెంటీమీటర్ల వెడల్పులో అది మిల్లీమీటరుకు కొంచెం పైన ఉంటుంది. ఉక్కు ఇందులో సగం మేరకే సాగుతుంది కానీ బరువెక్కువ, పైగా రంగు చెదిరిన చోట తుప్పు పడుతుంది. యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ అల్యూమినియం కంటే రెండింతలకు పైగా సాగుతుంది. కర్ర ఫ్రేము వేడికి పెద్దగా సాగదు, అయితే పొడిగాలికి ఎండి అడ్డంగా కుంచించుకుపోతుంది, దానితో మూలల అతుకులు వదులవుతాయి. ఇవన్నీ చూసుకుంటే లేతరంగు పౌడర్ కోటింగ్ వేసిన, మందమైన అల్యూమినియం ఫ్రేమే నా దృష్టిలో మేలైన ఎంపిక. ముదురు రంగులు చూడటానికి బాగుంటాయి కానీ ఎండను ఎక్కువగా పీల్చుకుంటాయి. పడమటి ఎండ తగిలే తలుపుకు ముదురు రంగు వేయిస్తే సాయంత్రం పిడి పట్టుకోవడమే కష్టమవుతుంది.

జాలీ విషయానికి వస్తే, అంగుళానికి ఒక దిశలో 18, మరో దిశలో 16 పోగులున్న ఫైబర్ గ్లాస్ జాలీ సాధారణంగా దోమలకూ ఈగలకూ సరిపోతుంది. ఇసుక ఈగలు ఉన్న ప్రాంతంలో మాత్రం అది చాలదు. అవి 2, 3 మిల్లీమీటర్లకు మించని పురుగులు, దోమ కంటే బాగా చిన్నవి, లీష్మానియాసిస్ అనే పరాన్నజీవి వ్యాధిని వ్యాపింపజేసేవి. వాటికి అంగుళానికి 20 పోగులు లేదా అంతకంటే దట్టమైన జాలీ కావాలి. జాలీ దట్టమయ్యేకొద్దీ లోపలికి వచ్చే గాలి తగ్గుతుంది, ధూళి త్వరగా పట్టేస్తుంది కాబట్టి అవసరం లేనిచోట దాన్ని ఎంచుకోకూడదు. ఎండను అడ్డుకునే మందపాటి జాలీ విషయంలోనూ ఇదే మాట వర్తిస్తుంది: పగటి వేడిని బాగా ఆపుతుంది, రాత్రి గాలిని కూడా కొంత ఆపుతుంది. ఫైబర్ గ్లాస్ పోగులపై ఉండే పీవీసీ పూత ఏళ్ల తరబడి అతినీలలోహిత కిరణాలకు పెళుసుబారుతుంది. అందువల్ల నీడ పట్టున ఉన్న తలుపుకు ఫైబర్ గ్లాస్, రోజంతా ఎండలో ఉండే తలుపుకు స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీ వాడటం సబబు. స్టీలు జాలీ అల్యూమినియం ఫ్రేముకు నేరుగా తగిలి, ఆ చోట ఉప్పు కలిసిన తేమ చేరితే అల్యూమినియం తినేయబడుతుంది. పొడి ప్రాంతంలో ఈ భయం తక్కువే అయినా, కూలర్ తుంపర పడేచోట రెండింటి మధ్య రబ్బరు పట్టీ ఉండేలా చూసుకోవాలి.

ఇక కొలతలు. గుమ్మం వెడల్పును పైన, మధ్యన, కింద కొలిచి తక్కువ వచ్చిన అంకెను తీసుకోవాలి. ఎత్తును కూడా ఎడమ, మధ్య, కుడి వైపుల అలాగే కొలవాలి. తర్వాత ఎదురెదురు మూలల మధ్య దూరాలను టేపుతో పోల్చి చూడాలి. ఆ రెండూ సమానంగా లేకపోతే గుమ్మం మూలలు లంబకోణంలో లేవని అర్థం. అప్పుడు తలుపును వంకరగా కోయకుండా, విడిగా ఒక బయటి ఫ్రేమును సరైన మూలమట్టంలో నిలబెట్టి, గోడకూ దానికీ మధ్య వచ్చిన తేడాను ప్లాస్టిక్ బిళ్లలతో సర్దాలి. చెక్క ముక్కలు పెడితే కొన్నాళ్లకు అవి ఎండి సన్నబడి, బిగించిన మరలు వదులైపోతాయి.

వదలవలసిన సందు, పని చేసే వేళను బట్టి మారుతుంది. చాలామంది పట్టించుకోని అంశం ఇదే. ఓ మోస్తరు వేడిలో బిగించేటప్పుడు పక్కల 3 మిల్లీమీటర్లు, పైన 3 నుంచి 4 మిల్లీమీటర్లు వదిలితే సరిపోతుంది. చలికాలపు ఉదయం బిగిస్తే, ఆ క్షణాన తలుపు తన పొడవులో అతి తక్కువ స్థితిలో ఉంటుంది కాబట్టి, పైన మరో రెండు మిల్లీమీటర్లు అదనంగా వదలాలి. లేకపోతే వేసవి వచ్చాక పైఅంచు ఫ్రేముకు ఒరుసుకుని గొళ్లెం పడదు. మండు వేసవి మధ్యాహ్నం బిగించినట్లయితే ఆ అదనం అక్కర్లేదు, ఎందుకంటే అప్పటికే తలుపు సాగి ఉంటుంది. ఎటు చూసినా చల్లబడినప్పుడు సందు పెద్దదవుతుంది కనుక నాలుగు అంచులకూ కుచ్చు బ్రష్ పట్టీ ఉండి తీరాలి. బ్రష్ వంగి లేస్తుంది, అందువల్ల లోహం కదలికకు అడ్డురాదు, పురుగుకు దారి ఇవ్వదు. కింది అంచున గడపకు సరిగ్గా ఆనే పట్టీ వేయకపోతే మిగతా పనంతా చేసినా తేలు లోపలికి వస్తుంది. అది ఒళ్లు చదును చేసుకుని చాలా సన్నని సందులో దూరగలదు. ఆ పట్టీని ఎత్తు సర్దుకోగలిగే రకంగా ఎంచుకోవడం మంచిది.

గోడకు ఫ్రేమును బిగించేముందు ఆ గోడ లోపల ఏముందో తెలుసుకోవాలి. ఎడారి ఇళ్లలో బయటి పూత కింద వేడిని ఆపే ఫోమ్ పలక ఉండటం, లేదా బోలు కాంక్రీటు దిమ్మెలు, మట్టి ఇటుకలు ఉండటం జరుగుతుంది. పూతలోనూ ఫోమ్‌లోనూ మాత్రమే దిగిన మర కొన్ని నెలల గాలికే ఊడివస్తుంది, అందువల్ల మర ఆ పొరలను దాటి గట్టి భాగంలో కనీసం 40 మిల్లీమీటర్లు దిగాలి. బోలు దిమ్మెకు లోపల విచ్చుకుని పట్టే ప్లగ్గు వాడాలి. గట్టి కాంక్రీటులో రంధ్రాన్ని ప్లగ్గు కంటే ఒక సెంటీమీటరు లోతుగా తొలిచి, అందులో మిగిలిన పొడిని ఊది లేదా వాక్యూమ్‌తో పీల్చి తీసేయాలి. పొడి మిగిలితే ప్లగ్గు గోడను పట్టదు.

ముందు కీళ్ల వైపు కడ్డీని నిలబెట్టి, తూకం గుండుతో గానీ రసమట్టంతో గానీ రెండు దిశల్లో సరిచూసి, పై మరను మాత్రం సగం బిగించాలి. తలుపును తగిలించి, అది సగం తెరిచినప్పుడు తనంతట తాను కదలకుండా నిలబడితే కడ్డీ నిటారుగా ఉన్నట్టు. అప్పుడు మిగతా మరలు బిగించి, ఎదురు కడ్డీని తలుపు అంచుకు సమాన దూరంలో అమర్చాలి. ఫ్రేములోని రంధ్రాలు గుండ్రంగా కాక నిలువుగా కాస్త పొడవుగా ఉంటే లోహం సాగినప్పుడు జరగడానికి వీలుంటుంది. వాటిలోని మరలను పట్టు కలిగేంతవరకే తిప్పాలి, చివరి శక్తినంతా పెట్టకూడదు. మరలన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి.

గోడకూ ఫ్రేముకూ మధ్య అతుకును సాగే గుణమున్న సిలికాన్‌తో నింపాలి. పూసేచోట ధూళి ఉంటే అది గోడకు కాక ధూళికి అంటుకుంటుంది, కాబట్టి తడిబట్టతో తుడిచి, పూర్తిగా ఆరిన తర్వాత, లోహం చేత్తో తాకగలిగేంత చల్లగా ఉన్నప్పుడు పూయాలి. పైనా పక్కలా పూసి కింది అంచును వదిలేయాలి. ఎడారిలో వాన అరుదే అయినా వచ్చినప్పుడు జోరుగా వస్తుంది, ఫ్రేములో చేరిన నీరు బయటికి పోవడానికి దారి ఉండాలి.

జాలీని లాగి బిగించే పని ఎప్పుడూ నీడలో, ఫ్రేమును బల్లపై పరిచి చేయాలి. ఎండకు కాగిన ఫ్రేముకు జాలీ బిగిస్తే, రాత్రి చల్లబడి ఫ్రేము కుంచించుకున్నప్పుడు జాలీ వదులై వేలాడుతుంది. ఫైబర్ గ్లాస్ జాలీ అల్యూమినియం అంతగా సాగదు, కుంచించుకోదు. మరోవైపు, బిగుతు కోసం అతిగా లాగితే పొడవాటి కడ్డీలు మధ్యలో లోపలికి వంగుతాయి, అందుకే వాటి లోపలి వైపు బల్లకు దిమ్మెలు బిగించి ఆపాలి. జాలీని పట్టి ఉంచడానికి ఫ్రేము గాడిలో దూర్చే రబ్బరు తాడు పీవీసీది కాకుండా ఈపీడీఎమ్ అనే కృత్రిమ రబ్బరుది అయితే ఎండకు త్వరగా గట్టిపడి కుంచించుకోదు. ఒక పొట్టి అంచుతో మొదలుపెట్టి, పోగులు ఫ్రేముకు సమాంతరంగా ఉన్నాయని చూసుకుంటూ, చక్రపు పనిముట్టుతో తాడును గాడిలోకి కొంచెం కొంచెంగా నొక్కుకుంటూ పోవాలి. మిగిలిన జాలీని పదునైన బ్లేడుతో గాడి బయటి అంచు వెంబడి కోయాలి.

గాలి దెబ్బకు తలుపు తట్టుకోవాలంటే వీలైనంతవరకు కీళ్లు గాలి ఎక్కువగా వీచే వైపు ఉండాలి. అప్పుడు గాలి తలుపును మూసే దిశలో నెడుతుంది. గుమ్మం అందుకు వీలివ్వకపోతే పైన ఒకటి, కింద ఒకటి చొప్పున రెండు క్లోజర్లు (తలుపును దానంతటదే మూసే పరికరాలు), వాటితోపాటు తలుపు మరీ విరగ తెరుచుకోకుండా ఆపే స్ప్రింగు గొలుసు పెట్టించాలి. ధూళి తుఫాను వస్తున్నప్పుడు క్లోజరును నమ్ముకోకుండా గొళ్లెం వేసి, ప్రధాన తలుపు కూడా మూసుకోవాలి.

పక్కకు జరిపే జాలీ తలుపులకు కింది పట్టాలే బలహీనమైన చోటు. అక్కడ ఇసుక చేరి చక్రాలను అరగదీస్తుంది. చక్రాల బేరింగులు మూసి ఉన్న రకమై ఉండాలి. పట్టాలకు నూనె, గ్రీజు రాయడం పెద్ద పొరపాటు. అవి ఇసుకను పట్టి ఉంచి గరుకు ముద్దగా మారుస్తాయి. పొడి సిలికాన్ లేదా టెఫ్లాన్ స్ప్రే చాలు.

చలికాలానికి జాలీ స్థానంలో అద్దం పెట్టుకునే తలుపులు కూడా ఉన్నాయి. ఎండ తగిలే ముదురు రంగు ప్రధాన తలుపు ముందు అటువంటి అద్దాన్ని మూసి ఉంచితే, రెండు తలుపుల మధ్య గాలి విపరీతంగా వేడెక్కి, లోపలి తలుపుకున్న ప్లాస్టిక్ పట్టీలు వంకర్లు పోవచ్చు. ఎండలు ముదరగానే అద్దం తీసేసి జాలీ పెట్టడం క్షేమం.

పని అప్పగించుకునేముందు రాత్రివేళ లోపల దీపం ఆర్పి, బయటి నుంచి ఎవరినైనా అంచుల వెంబడి టార్చి వేయమనాలి. ఎక్కడ వెలుగు గీత కనిపిస్తుందో అక్కడ పట్టీ సరిగా పడలేదని తెలిసిపోతుంది. మర్నాడు ఎండ తీవ్రంగా ఉన్న వేళ తలుపును పదిసార్లు తెరిచి మూసి, గొళ్లెం సులువుగా పడుతున్నదో లేదో చూడాలి. ఒక వేసవి, ఒక చలికాలం గడిచాక కీళ్లు, క్లోజరు, కింది పట్టీ మరోసారి సర్దిపెట్టే షరతును ఒప్పందంలోనే రాయించుకోవాలి. శుభ్రం చేసేటప్పుడు ముందు మెత్తటి బ్రష్‌తో పొడి ధూళిని దులిపి, తర్వాతే నీళ్లు చల్లాలి. ధూళి ఉండగానే నీళ్లు పోస్తే అది బురదై జాలీ కన్నాల్లో గట్టిపడుతుంది.