దక్షిణాది రాష్ట్రాల ప్రాజెక్టు: చార్టు మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

అవుట్‌లైన్ మ్యాపు కొనేటప్పుడే తెలంగాణ విడిగా ఉందో లేదో చూడండి. 2014 జూన్ 2కు ముందు అచ్చయినవాటిలో ఉమ్మడి రాష్ట్రమే ఉంటుంది.

ఎక్కువ పొరపాట్లు జనాభా దగ్గరే. 2011 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌కు కనిపించే 8.46 కోట్లలో తెలంగాణ కూడా కలిసే ఉంది. దాని పక్కనే తెలంగాణ అంకె రాస్తే ఆ జనాన్ని రెండుసార్లు లెక్కేసినట్టే. ముందు 8.46 కోట్లలోంచి తెలంగాణ అంకె తీసేయించి, మిగిలినదే ఆంధ్రప్రదేశ్‌కు రాయించండి.

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం, రాష్ట్రాల పట్టికలో చేర్చొద్దు. కాకినాడ దగ్గరి యానాం, కేరళ తీరంలోని మాహే కూడా దానివే. వాటికి చిన్న చుక్కలు పెట్టించండి, పిల్లలకు భలే గుర్తుంటాయి.

జిల్లాల సంఖ్య మారుతుంటుంది: ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26 అయ్యాయి, ఆ తర్వాతా మార్పులొచ్చాయి. ఏ తేదీ నాటిదో పక్కనే రాయించండి.

పేర్లు ముందు పెన్సిల్‌తో, తర్వాతే స్కెచ్ పెన్నుతో. నీళ్ల గమ్ పూస్తే చార్టు ముడతలు పడుతుంది, గ్లూ స్టిక్ వాడండి.