ఇంట్లో పళ్ళు తెల్లగా చేసుకోవడం ఎలా? జెల్ దగ్గర జాగ్రత్త

ముందు అద్దంలో చూసుకోండి. టీ, వక్క, ఖైనీ మరకలు పైపైనే ఉంటాయి. క్లినిక్‌లో గార తీయిస్తే చాలామందికి పని అక్కడితో అయిపోతుంది. నల్గొండ వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ మచ్చలు అలా కాదు, చిన్నప్పుడు పన్ను తయారయ్యేటప్పుడే పడ్డవి. ఎంత తోమినా పోవు. దెబ్బ తగిలి ఒక్క పన్నే నల్లబడిందా? దానికి కావలసింది ఎక్స్‌రే, తెల్లబరిచే జెల్ కాదు. పిప్పి పళ్ళుంటే ముందు అవి బాగుచేయించండి. తొడుగులు, ఫిల్లింగులు ఏం చేసినా రంగు మారవు. గర్భిణులకు, పిల్లలకు ఈ పని వద్దు.

నిమ్మరసంలో వంటసోడా, బొగ్గుపొడి, ఇటుకపొడి ఊసే ఎత్తకండి. పన్ను పైనుండే గట్టి పొర, ఎనామెల్, అరిగితే మళ్ళీ రాదు, కిందనున్న పసుపు పొర బయటపడి పళ్ళు ఇంకా పచ్చగా కనిపిస్తాయి.

కావలసినవి: మీ పళ్ళ అచ్చు తీసి డాక్టర్ చేయించిన ట్రే (పళ్ళకు తొడుక్కునేది), 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్, దూది. రెడీమేడ్ ట్రే కొనొద్దు, వదులుగా ఉండి జెల్ అంతా కారిపోతుంది.

రాత్రి అన్నం తిన్నాక బ్రష్ చేసుకోండి. తర్వాత ట్రే పెట్టుకుని పడుకోండి, పగలు పెట్టుకోవద్దు. నిద్రలో లాలాజలం తక్కువ, జెల్ కొట్టుకుపోదు.

ఇక అసలు సంగతి. ట్రేలో పెదవి వైపు గోడకు, పన్నుకో చుక్క. ఎంత చుక్క? బియ్యపు గింజంత. మెతుకంత కాదు, గింజంత! చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది. పెళ్ళి నాలుగు రోజులుందనగా ఒకమ్మాయి ట్యూబు సగం పిండేసుకుని వచ్చింది. చిగుళ్ళు సున్నం కొట్టినట్టు పాలిపోయి మండుతున్నాయి. "ఎక్కువేస్తే తొందరగా తెల్లబడతాయనుకున్నానండి" అంది. తెల్లబడ్డవి చిగుళ్ళే! మానేశాక అవి మామూలైపోయాయి గానీ పెళ్ళిభోజనంలో ఆవకాయ ముట్టలేకపోయింది.

ట్రే మెల్లగా నొక్కండి, పళ్ళతో కరవొద్దు. చిగుళ్ళ మీదికి పొంగిన జెల్‌ను పొడి దూదితో తుడిచేయండి. ఒకసారి తుడిచి ఊరుకోకండి, పెదవి పైకెత్తి ఇంకోసారి చూడండి. మింగకండి, ఉమ్మేయండి.

చల్లనీళ్ళకు పళ్ళు జివ్వుమంటే ఒకరోజు ఆపండి. పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడండి. పంతానికి పోవద్దు.

కొన్ని క్లినిక్‌లలో గంటలో లైటు పెట్టి తెల్లగా చేస్తామంటారు. ఆ మెరుపులో కొంత పన్ను తాత్కాలికంగా ఎండిపోవడం వల్ల వచ్చేదే, కొద్ది రోజుల్లో తగ్గుతుంది. నాకు రెండు వారాల ట్రేనే ఇష్టం. అంతకు మించి మీ అంతట మీరు పొడిగించకండి.

పొద్దున ట్రేను చన్నీళ్ళతో కడగండి. వేడినీళ్ళు పోశారా, వంకరపోతుంది, మళ్ళీ అచ్చు తీయించుకోవాలి.